సైకిలుకి వెనక కళ్ళు కావాలా?

విశాఖపట్నం రామకృష్ణా బీచి దగ్గర సైకిలెక్కి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని బయల్దేరితే సుమారు పాతిక కిలోమీటర్లకు భీమిలి వస్తుంది. సైకిలు తొక్కేవారికి తెలుగునాట ఇంత అందమైన దారి అరుదు. గుండెకి మంచిది, మోకాళ్ళకి మంచిది, చక్కెర వ్యాధి ఉన్నవారికి మరీ మంచిది. అందుకే తెల్లవారేసరికి ఆ రోడ్డు మీద కాలేజీ కుర్రాళ్ళతో పాటు అరవై దాటిన పెద్దలు కూడా కనిపిస్తారు.

సైకిళ్ళకి కూడా ఇప్పుడు కెమెరాలు వచ్చాయి. సీటు కింద చిన్న కెమెరా, హ్యాండిల్ మీద చిన్న తెర. వెనక వచ్చే వాహనం ముందున్న తెర మీద కనబడుతుందన్నమాట. "మాకూ అది కావాలా? లేకపోతే ప్రమాదమా?" అని మీరు అడగవచ్చు. జవాబు చెప్పేముందు ఆ దారి వెంట ఒకసారి వెళ్ళి వద్దాం. ఎందుకంటే ఈ ప్రశ్న కెమెరాకి సంబంధించింది కాదు. మీ మెడకి, చెవికి, కంటికి సంబంధించింది.

వెళ్ళేటప్పుడు

బీచి రోడ్డు మీద తెల్లవారుజామున కొంతసేపు మోటారు వాహనాలను రానివ్వరు. కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందునుంచి వెళుతున్నంతసేపూ మీ వెనక వచ్చేది మరో సైకిలో, నడిచే మనిషో. అక్కడ వెనక్కి చూడకపోయినా ఫరవాలేదు.

తెన్నేటి పార్కు దగ్గర, కైలాసగిరి పాదాల వద్ద రోడ్డు ఎత్తెక్కుతుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది. ఎత్తు మీద మీ వేగం తగ్గిపోతుంది, వెనక కారు వేగం తగ్గదు. పైగా బలం పెట్టి తొక్కేటప్పుడు సైకిలు అటూ ఇటూ ఊగుతుంది. ఇలాంటిచోట పల్లెం పళ్ళు మార్చుకుని తేలిగ్గా తొక్కండి. గేర్లు లేని సైకిలైతే దిగి నడిపించండి. తిన్నగా పోయే సైకిలుని దాటడం వెనకవాడికి సులువు.

జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ దాటి ఋషికొండ వైపు సాగుతుంటే ఎండాకాలంలో సూర్యుడు ఎదురుగా, కాస్త కుడి పక్కగా, నీళ్ళ మీదనుంచి లేస్తాడు. ఆ వెలుగు మీ కళ్ళలో పడినట్టే వెనక కారు తోలేవాడి కళ్ళలోనూ పడుతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. మీరు అతన్ని చూసినంత మాత్రాన చాలదు. అతను మిమ్మల్ని చూడాలి. అందుకే వెనక ఎర్రదీపం పగలు కూడా వెలుగుతూ ఉండాలి.

డెన్మార్కులోని ఓడెన్సే నగరంలో 2004 నవంబరు నుంచి ఏడాదిపాటు ఈ సంగతి పరీక్షించి చూశారు. పగలూ రాత్రీ వెలిగే దీపాలు పెట్టుకున్న సైకిలిస్టులకు, అవి లేనివారికంటే 19 శాతం తక్కువ ప్రమాదాలు జరిగాయి. కొన్ని వందల రూపాయల్లో వచ్చే దీపం ఇంత మేలు చేస్తుంది.

కుడివైపు తిరిగే ముందు

ఋషికొండ తీరానికి దిగాలంటే ఎడమ అంచున పోతున్న మీరు కుడివైపుకి రావాలి. ఈ ప్రయాణం మొత్తం మీద వెనక్కి చూడక తప్పని చోటు ఇదే. ముందు చూడండి, తర్వాత చెయ్యి చాపండి, మళ్ళీ చూడండి, అప్పుడు తిరగండి. మీరు తల తిప్పడం చూస్తే వెనకవాడికి కూడా మీ ఉద్దేశం అర్థమవుతుంది. తెరలోకి చూస్తే ఆ సైగ అతనికి అందదు.

తల తిప్పడం కష్టమా? ఎడమ పక్కన ఆగి, దిగి, రోడ్డు ఖాళీ అయ్యాక నడిపించుకుంటూ దాటండి. అందులో పరువు పోయేదేమీ లేదు.

అక్కడనుంచి ఇంకాస్త ముందుకి వెళితే తొట్లకొండ. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం అది. రాతిలో తొలిచిన నీటితొట్ల మూలంగా ఆ పేరు వచ్చింది. కొండ కింద కాసేపు ఆగి మీరూ నీళ్ళు తాగండి. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, ఆ పైన గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివారి పాత సమాధులు చూసి, ఇడ్లీ తిని, అరగంట విశ్రాంతి తీసుకుని తిరుగుముఖం పట్టండి.

తిరిగి వచ్చేటప్పుడు

ఎండాకాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. వెళ్ళేటప్పుడు వీపుని తోసిన గాలే వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. తొక్కడం కష్టమవుతుందని అందరికీ తెలుసు. వినడం కూడా కష్టమవుతుందని చాలామంది గమనించరు. చెవుల్లో గాలి హోరు, పక్కన కెరటాల హోరు. వెనక వచ్చే బండి చప్పుడు ఎదురుగాలిని చీల్చుకుని మీ చెవిని చేరాలి. వెళ్ళేటప్పుడు దూరాననే వినిపించిన భీమిలి బస్సు, వచ్చేటప్పుడు పక్కకి వచ్చేదాకా తెలియకపోవచ్చు. కరెంటు స్కూటర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటికి మామూలుగానే చప్పుడు తక్కువ.

కాబట్టి ఈ రోడ్డు మీద చెవిని మాత్రమే నమ్ముకోకూడదు. చెవిలో పాటలు పెట్టుకోవడం అసలే కూడదు.

అలాగని ఎంతసేపూ వెనకనే చూస్తూ కూర్చోకూడదు. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం మీ ఎడమ పక్కకి వస్తుంది. ఆ అంచునే కార్లు ఆపుతారు, తలుపులు తెరుస్తారు, పిల్లలు పరుగెత్తుతారు. గంటకి 18 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు ఒక్క క్షణంలో 5 మీటర్లు ముందుకి పోతుంది. రెండు క్షణాలు తెరకేసి చూశారంటే 10 మీటర్ల రోడ్డు చూడకుండా తొక్కినట్టే.

కెమెరా, అద్దం, రాడారు

నలభై దాటినవారికి ఇంకో చిక్కుంది. అదే చత్వారం. దగ్గర వస్తువులు మసకగా కనిపిస్తాయి. హ్యాండిల్ మీది తెర దగ్గర వస్తువు. చదువుకునే కళ్ళజోడు లేనిదే అది స్పష్టంగా కనబడదు. ఆ జోడు పెట్టుకుంటే రోడ్డు కనబడదు! సాదా అద్దంలో ఈ చిక్కు లేదు. యాభై మీటర్ల వెనక ఉన్న లారీ అద్దంలో కూడా కంటికి అంత దూరంలో ఉన్నట్టే ఉంటుంది. అంచేత చత్వారం వచ్చినవారికి తెరకంటే అద్దమే నయం.

మన దేశంలో వాహనాలు కుడి పక్కనుంచి దాటుతాయి గనుక అద్దం హ్యాండిల్‌కి కుడివైపు బిగించాలి. ఉబ్బెత్తు అద్దంలో రోడ్డు ఎక్కువ కనబడుతుంది గాని, బండి ఉన్నదానికంటే చిన్నదిగా, దూరంగా కనిపిస్తుంది. ఆ సంగతి గుర్తుంచుకోండి.

రాడారు దీపాలని ఇంకొకటి వచ్చింది. గార్మిన్ కంపెనీ వేరియా అలాంటిది. సుమారు 140 మీటర్ల దూరాన వస్తున్న వాహనాన్ని పసిగట్టి శబ్దం చేస్తుంది. మీరు 18 కిలోమీటర్ల వేగంతో, కారు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అది మిమ్మల్ని చేరడానికి సుమారు 12 సెకన్లు పడుతుంది. సర్దుకోవడానికి అది చాలినంత వ్యవధి. చెవి మందగించినవారు ఆ శబ్దాన్ని నమ్ముకోక, వెలిగే గుర్తు చూసుకోవాలి. అయితే ధర ఎక్కువ. ఇక కెమెరా ముఖ్యంగా పనికివచ్చేది ప్రమాదం జరిగాక సాక్ష్యానికి. బండి నంబరు దొరుకుతుంది. నంబరు దొరకకపోయినా, గుద్ది పారిపోయిన కేసుల్లో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేల రూపాయలు పరిహారం ఉంది. ఇది మీ ఇంట్లోవారికి కూడా చెప్పి ఉంచండి.

మీ మెడ తిరుగుతుందా?

ఇంటిదగ్గర ఈ చిన్న పరీక్ష చేసుకోండి. వీపు ఆనించకుండా కుర్చీలో కూర్చోండి. మీ మనవణ్ణో, మనవరాలినో నాలుగడుగుల వెనక, కాస్త కుడివైపు నిలబడి వేళ్ళు చూపించమనండి. నడుము కొద్దిగా, మెడ బాగా తిప్పి, వేళ్ళు ఎన్నో చెప్పండి. చెప్పగలిగితే మీకు కెమెరా అక్కర్లేదు. చెప్పలేకపోతే అద్దం తప్పనిసరి.

మెడలో ఏడు వెన్నుపూసలున్నాయి. తల పక్కకి తిరగడంలో దాదాపు సగం పని పైనున్న మొదటి రెండు పూసల మధ్యనే జరుగుతుంది. వయసుతో పాటు ఈ కీళ్ళు బిగుస్తాయి. వంగి తొక్కే సైకిలైతే తల పైకెత్తి ఉంచాలి గనుక మెడ కండరాలు ఇంకా బిగుస్తాయి. రోజూ ఉదయం గడ్డాన్ని నెమ్మదిగా భుజం వైపు తిప్పి, అయిదు అంకెలు లెక్కపెట్టి, యథాస్థానానికి తీసుకురండి. ఒక్కో పక్కకి అయిదుసార్లు చాలు. విదిలించవద్దు, గుండ్రంగా తిప్పవద్దు. కళ్ళు తిరిగినా, చెయ్యి తిమ్మిరెక్కినా మానేసి డాక్టరుకి చూపించండి. అంతవరకు సైకిలు ఎక్కవద్దు.

గుర్తుంచుకోవలసినవి

1. ముందు వెనక ఎర్రదీపం కొనండి. పగలు కూడా వెలిగించండి.

2. తర్వాత కుడివైపు అద్దం పెట్టించండి.

3. మెడ తిరిగేలా చూసుకోండి. అద్దం ఉన్నా, కుడివైపు మళ్ళేముందు తల తిప్పి చూడండి.

4. చెవి మందగించినవారు స్థోమత ఉంటే రాడారు పెట్టుకోవచ్చు.

5. కెమెరా అన్నిటికంటే ఆఖరున. ఉప్పుగాలికి దాని కన్ను మసకబారుతుంది. బయల్దేరేముందు తుడుచుకోండి.

కెమెరా లేదని సైకిలు మూలపడెయ్యకండి. కెమెరా ఉంది కదా అని ధీమాగా మలుపు తిరగకండి. వెనకనుంచి వచ్చే లారీని ఏ కెమెరా ఆపలేదు. మీరు కనబడితే దాన్ని తోలే మనిషి ఆపగలడు.