గోడ అవతల మూడడుగుల జాగా

ఇంటి ఖర్చు లెక్క రాసుకునేటప్పుడు ఇటుకకు, సిమెంటుకు, కూలీకి పద్దులుంటాయి. మేస్త్రీ నిలబడి పనిచేసుకునే జాగాకు మాత్రం ఎవరూ పద్దు రాయరు. రాజమహేంద్రవరం శివార్లలో 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నప్పుడు నేను రాశాను. మొత్తం ఇంటి ఖర్చులో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన పద్దు అదే.

ఎడమవైపు ప్రహరీ 60 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. నాలుగున్నర అంగుళాల గోడ, సరిగ్గా హద్దు మీద. అవతల పక్కవాళ్ల ఖాళీ స్థలం, నిండా తుమ్మ కంప. "లోపల ఎప్పుడైనా చేసుకోవచ్చు సార్. బయట పూత మాత్రం వాళ్లు పునాది తీయకముందే కానిచ్చేయాలి" అన్నాడు మేస్త్రీ. చేతిలో ఉన్న డబ్బు వంటింటి కప్‌బోర్డుల కోసం దాచింది. దాన్ని గోడకు మళ్లించాను. కప్‌బోర్డులు ఏడాది ఆగినా ధర కొంచెం పెరుగుతుంది, అంతే. అవతల ఇల్లు లేచిందంటే ఆ పూత ఎంత డబ్బు పెట్టినా దొరకదు. పూత లేకపోతే బయటి ముఖం వాననీళ్లు పీల్చుకుంటుంది. అంత పలచటి గోడలో చెమ్మ లోపలికి దిగి మనవైపు రంగు పొక్కులు లేస్తుంది. ఆ రంగు ఖర్చు ఒకసారితో పోయేది కాదు.

మూడడుగులే ఎందుకన్నది పని జరుగుతుంటే పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది. మాల్‌ను తాపీతో విసిరి కొడతారు. ఆ విసురుకు మోచేయి బాగా వెనక్కి రావాలి. అడుగున్నర సందులో మోచేయి వెనక గోడకు తగులుతుంది, విసురులో బలముండదు, మాల్ అతుక్కోక కిందికి జారుతుంది. తర్వాత అల్యూమినియం బద్దను కింది నుంచి పైకి అటూఇటూ కదుపుతూ లాగాలి. అందుకు మనిషి వంగాలి, లేవాలి. చెక్కతో రుద్దాక ఒక అడుగు వెనక్కి వేసి ఓరగా చూస్తేనే ఎత్తుపల్లాలు కనబడతాయి. ఇదంతా జరుగుతుండగా తట్ట మోసే మనిషి వెనక నుంచి దాటిపోవాలి. అయిదడుగుల గోడకు పరంజా అక్కర్లేదు, చిన్న బల్ల చాలు. కానీ ఆ బల్లకూ చోటు కావాలి కదా!

300 చదరపు అడుగులకు అడుగుకు 30 రూపాయల చొప్పున కూలీ 9,000. ఒకటికి అయిదు పాళ్ల మాల్, 15 మిల్లీమీటర్ల మందం. సిమెంటు మూడు బస్తాల దాకా పట్టింది. ఇసుకతో కలిపి 3,000 లోపే. కంప కొట్టించి, నేల చదును చేయించడానికి మరో 2,000. ఆ ఆఖరి అంకెను బేరమాడకుండా ఇచ్చాను, మిగతా 12,000 నిలబడింది దానిమీదే కాబట్టి.

స్థలం ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, పూతకూ, ఆ తర్వాత వారం రోజులు నీళ్లు కొట్టడానికీ మీ స్థలంలోకి రానివ్వాలి" అని అడిగి, ఆ మాటే మెసేజ్‌గా కూడా పెట్టించుకున్నాను. నీళ్లు కొట్టే రోజులు విడిగా చెప్పడం ముఖ్యం. క్యూరింగ్ లేని పూత బీటలిస్తుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఇలాంటి అనుమతిని లైసెన్సు అంటారు. మామూలుగా ఇచ్చినవారు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అందుకే ఆయన సరే అనగానే పని మొదలుపెట్టించాను.

కుడివైపు సంగతి వేరు. అక్కడ పక్కింటి గోడ అప్పటికే అడుగున్నర దూరంలో ఉంది. రెట్టింపు కూలీ ఇస్తే ఎలాగోలా పూస్తామన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. ఆ వైపు తొమ్మిదంగుళాల గోడ కట్టించాను. వరస వరసకూ బయటి సందులు లోపలి నుంచే చేయి చాపి నింపించి, గోడ తల మీది పూతను మావైపు వాలుగా పెట్టించాను. ఇటుకల ఖర్చు దాదాపు రెట్టింపైంది. అయినా చోటులేని చోట పూతకు ఇచ్చే కూలీ కన్నా ఇటుకలో పెట్టిన డబ్బే నయమని ఇప్పటికీ అంటాను. ఇక లోపలివైపు పూత ముగిసి, క్యూరింగ్ అయ్యేదాకా గోడ వెంట మందార, నందివర్ధనం నాటనివ్వలేదు. మొక్కల డబ్బు లెక్కలో అన్నిటికన్నా ఆఖరి పద్దు.