పల్నాటి వాకిట్లో 'జగన్మోహిని'

కట్టెల్లేవు. అయినా వంట ఆగలేదు. ఆ అమ్మాయి పొయ్యి ముందు కూర్చుని తన కాళ్లే అందులో పెట్టింది. అవి భగభగా మండుతుంటే పైన వంట ఉడికిపోతోంది! ఈ దెయ్యాన్ని చూసి భయపడాలా, నవ్వాలా? బి.విఠలాచార్య 'జగన్మోహిని' చూసినవాళ్లను ఇప్పుడడిగినా ముందు చెప్పేది ఈ సన్నివేశమే. నరసింహరాజు, జయమాలిని, ప్రభ నటించిన ఆ సినిమా 1978లో వచ్చింది. హాళ్లలో ఆట ముగిశాక అలాంటి సినిమాలను బతికించింది మాత్రం వీడియో క్యాసెట్టు.

ఆ ముచ్చట తెలియాలంటే పల్నాడు వెళ్లాలి. నాపరాళ్ల గోడలు, మిరప కళ్లాలు, ఎండలకు పేరుమోసిన రెంటచింతల... వేసవిలో ఇక్కడ రాత్రయితే మంచాలన్నీ ఆరుబయటికి వచ్చేవి. 1980ల్లో ఊళ్లోకి వీడియో వస్తే ఆ రాత్రి జాతరే. పెళ్లికో, శ్రీరామనవమికో పేట నుంచో మాచర్ల నుంచో కలర్ టీవీ, వీసీఆర్, నాలుగైదు క్యాసెట్లు అద్దెకు తెచ్చేవారు. అరుగు మీద బల్ల, దానిమీద టీవీ. ముందు చాపల మీద పిల్లలు, వెనక మంచాల మీద పెద్దలు. మొదట భక్తి సినిమా. అందరికీ నిద్ర ముంచుకొచ్చే వేళకు దెయ్యాల సినిమా. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే, చీకట్లో ఏ కొంటె కుర్రాడో కెవ్వుమనేవాడు!

హాల్లో దెయ్యం ఒక్కసారే కనిపించి పోతుంది. వాకిట్లో అలా కాదు. "ఆ కాళ్ల సీను ఇంకోసారి వెయ్యరా" అంటే క్యాసెట్టు వెనక్కి తిరగాల్సిందే. మొదటిసారి నాయనమ్మ కొంగు చాటున దాక్కున్న పిల్లాడు మూడోసారికి పకపకా నవ్వేవాడు. భయపెట్టే బొమ్మను నవ్వులాటగా మార్చింది ఆ రివైండ్ మీటే.

విఠలాచార్యది కర్ణాటకలోని ఉడిపి ప్రాంతం. తక్కువ ఖర్చుతో సినిమా తీయడంలో ఆయన దిట్ట. హీరో డేట్లు దొరక్కపోతే అతణ్ని చిలకగానో మేకగానో మార్చి కథ నడిపేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అస్థిపంజరాలు, సాగే చేతులు, మాయమయ్యే మనుషులు... కంప్యూటర్లు లేని రోజుల్లో అన్నీ కెమెరా కనికట్టే. 1999 మే 28న ఆయన కన్నుమూశారు.

విచిత్రమేమిటంటే, పల్నాటిలో చనిపోయినవాళ్లు నవ్వులాట కాదు. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ వీరులకు గుళ్లున్నాయి. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు... రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరాచారవంతులు ఆయుధాలను తలకెత్తుకుని వస్తారు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ జ్ఞాపకాన్ని మోసే భుజాలున్నాయి.

వాకిట్లో నవ్విన నవ్వుకు అలాంటి భుజాలు లేవు. క్యాసెట్లకు బూజు పట్టింది. తర్వాత వీసీడీలొచ్చాయి. 2000ల్లో మోజర్ బేర్ కంపెనీ 28 రూపాయలకే వీసీడీ అమ్మేసరికి అద్దె దుకాణాల బేరం సన్నగిల్లింది. ఆ వీసీడీలూ గీతలు పడి మూలకు చేరాయి. క్యాసెట్ల దుకాణాలు సెల్‌ఫోన్ దుకాణాలయ్యాయి. ఇప్పుడు విఠలాచార్య సినిమాలు యూట్యూబ్‌లో కనిపిస్తాయి. కొన్నింటిలో రంగు వెలిసింది, కొన్నింటిలో మాట బొంగురుపోయింది. కాపీకి కాపీ తీస్తే మిగిలేది అంతే మరి!

కోటప్పకొండ తిరునాళ్లకో, కారెంపూడి ఉత్సవానికో వెళ్లినప్పుడు అక్కడి పెద్దవాళ్లను కదిపి చూడండి. బాలచంద్రుడి కథ ఎంత శ్రద్ధగా చెబుతారో, వీడియో రాత్రుల సంగతి అంత సరదాగా చెబుతారు. మనవరాలు ఫోన్లో 'జగన్మోహిని' పెట్టిస్తే చాలు, నాయనమ్మ కళ్లజోడు సవరించుకుని అడిగేది ఒకటే...

"ఆ కాళ్ల సీను ఎక్కడే?"