వసతి గృహే

సంకల్పం చెప్పే ప్రతి గృహస్థుడూ ముందుగా తానున్న దేశకాలాలను ప్రకటిస్తాడు. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరంలో, ఏ తిథిన అని క్రమంగా చెప్పి, ఆ తరువాతనే గోత్రనామాలను ఉచ్చరిస్తాడు. స్వగ్రామంలోనే ఉన్నవానికి అది నాలుకకు అలవడిన మాట. మనస్సు అర్థం మీదికి పోదు. ఊరు మారినవాని నాలుక మాత్రం అక్కడే తడబడుతుంది.

2020 ఫాల్గుణ మాసంలో గుడివాడ ప్రాంతం నుండి ఒక గృహస్థుడు విశాఖపట్టణానికి వచ్చి చేరాడు. గాజువాకలో చిన్న ఉద్యోగం, రెండు గదుల అద్దె ఇల్లు, భార్య, వృద్ధురాలైన తల్లి. సామాను మూటలు విప్పకమునుపే మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చింది. మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నది. ఆనాడే ఉగాది. ప్రవేశించిన సంవత్సర నామం శార్వరి. ఆ పదానికి రాత్రి అని అర్థం.

ఉగాది పూజకు కూర్చున్న ఆ గృహస్థుడు అలవాటుగా కృష్ణా గోదావరుల మధ్య అనబోయి ఆగాడు. శ్రీశైలానికి ఈశాన్యమన్నది మారలేదు, నదులు మారినవి. ఇక గంగా గోదావరుల మధ్య అనాలి. 'స్వగృహే' అన్నచోట 'వసతి గృహే' అనాలి. వెనుక కూర్చున్న తల్లి ఆ మాట విని, "ఇది మన ఇల్లు కాదని దేవుడికి కూడా చెప్పాలా నాయనా?" అన్నది. అతడు బదులు చెప్పలేకపోయాడు.

కొత్త ఊరిలో మనుష్యుడు నిలదొక్కుకునేది ముఖపరిచయాలతో. ఆ సంవత్సరం ముఖాలకు మాస్కులు వచ్చినవి, ఆలయాల తలుపులు మూతపడినవి. సింహాచలేశుని నిజరూప దర్శనం సంవత్సరానికి అక్షయతృతీయ నాడు మాత్రమే లభిస్తుంది. ఆ దర్శనాన్ని తలచుకొనే తల్లి ఈ ఊరు రావడానికి అంగీకరించింది. ఏప్రిల్ 26న చందనోత్సవం భక్తులు లేకుండా ఏకాంతంగా జరిగింది. ఆమె కొండ ఉన్న దిక్కుకు తిరిగి నమస్కరించి, ఆ దినమంతా మౌనంగా ఉన్నది.

పక్కవాటా పెద్దావిడ గోడకు అటు నిలిచి ఊరి సంగతులు చెప్పేది. బురుజుపేట కనకమహాలక్ష్మి గర్భాలయానికి పైకప్పు లేదనీ, భక్తులు అమ్మవారిని స్వహస్తాలతోనే పూజిస్తారనీ చెప్పింది. దారి మధ్యనున్న అమ్మవారిని పక్కకు జరిపినప్పుడు, 1917లో, మహమ్మారి ప్రబలిందనీ, తిరిగి యథాస్థానంలో నిలిపిన పిమ్మట శమించిందనీ స్థలకథ. బర్మా నుండి తిరిగివచ్చిన తెలుగువారి గుర్తుగా కంచరపాలెంలో బర్మా క్యాంపు నేటికీ ఉన్నది. ఈ ఊరు మహమ్మారినీ ఎరుగును, పరదేశినీ ఎరుగును.

మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు వెలువడి పన్నెండు మంది ప్రాణాలు తీసింది. ఇల్లే రక్ష అని నమ్మి లోపల ఉన్నవారు ఆ ఇంటినే విడిచి పరుగెత్తవలసి వచ్చింది. ఆనాడు వైశాఖ పూర్ణిమ.

ఆ కృష్ణపక్షంలోనే గృహస్థుని తండ్రి ఆబ్దికం. భోక్తలు లేరు, పిలిచినా వచ్చే వీలు లేదు. "భోక్తలు లేని తద్దినమేమిటిరా?" అని తల్లి కంటనీరు పెట్టుకున్నది. స్వగ్రామ పురోహితులు టెలిఫోనులో ఆపద్ధర్మం బోధించారు: అన్నశ్రాద్ధం సాధ్యం కానప్పుడు హిరణ్యశ్రాద్ధం శాస్త్రసమ్మతం. కర్మ ఆ విధంగా ముగిసింది. కానీ ఆమె మనస్సు శాంతించలేదు. సాయంకాలం పులిహోర కలిపి, పొట్లాలు కట్టి, కుమారునితో జాతీయ రహదారి దగ్గరకు నడిచింది. ఒడిశా వైపు కాలినడకన పోయే కూలీలు ఆ దారినే వెళుతున్నారు. పొట్లం అందుకున్న ఒక యువకుడు వచ్చీరాని తెలుగులో, "అమ్మా, మీది ఏ ఊరు?" అని అడిగాడు. "ఈ ఊరే నాయనా" అన్నది ఆమె. కుమారుడు ఆశ్చర్యంతో తల్లివైపు చూశాడు.

దేహం కూడా వసతి గృహమే, జీవుడు కొంతకాలం ఉండి వెళ్ళేవాడే అని వేదాంతులు చెబుతారు. ఆ మాట సత్యం. కానీ ఎండలో నడిచే కూలీకి ఆ మాట చెప్పడం వైరాగ్యం కాదు, కాఠిన్యం. వైరాగ్యం తన విషయంలో అభ్యసించవలసినది. ఇతరుని ఆకలి ముందు అన్నమే ధర్మం. అతిథిని దేవునిగా భావించమన్న తైత్తిరీయోపనిషత్తు ఆ ఇల్లు స్వంతమా, అద్దెదా అని అడుగలేదు. అన్నం పెట్టగలిగిన చోట మనుష్యుడు గృహస్థుడే.

2021 ఏప్రిల్ 13న ప్లవ నామ సంవత్సరం వచ్చింది, ప్లవమంటే తెప్ప. రెండవ అల ఉధృతంగా ఉన్న ఆ దినాలలో, ఏప్రిల్ 22న, ఉక్కు కర్మాగారం నుండి ద్రవ ప్రాణవాయువు నింపిన ఏడు ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. ఎరుగని ఊళ్ళలోని ఎరుగనివారికి ఈ ఊరు ఊపిరి పంపింది. ఆ వార్త విన్న తల్లి, "మన ఊరి నుంచే" అన్నది.

2022 మే 3న చందనోత్సవానికి భక్తులను అనుమతించారు. ఆమె వరుసలో నిలిచి స్వామి నిజరూపాన్ని దర్శించింది. గృహస్థుడు నేటికీ సంకల్పంలో 'వసతి గృహే' అనే చెబుతాడు. తల్లి ఇప్పుడు అభ్యంతరం చెప్పదు. "అనరా, తప్పేముంది? ఉన్నన్నాళ్ళూ దీపం పెట్టుకుంటే చాలు" అంటుంది.

స్వస్తి.