కుళాయి మూతికి చిన్న జాలీ

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ వన్‌లో ఓ ఆంధ్రా మెస్. గోంగూర పప్పు లాగించి చెయ్యి కడుక్కుంటున్నా.
ధార నిండుగానే ఉంది, సింకులోకి పోయే నీళ్లు మాత్రం తక్కువ!
చూస్తే కుళాయి మూతికి ఏరేటర్ అనే చిన్న జాలీ. నీళ్లలో గాలి కలుపుతుంది, అంతే.

2024 మార్చి గుర్తుందా? ఊరంతా నీళ్ల ట్యాంకర్ల కోసం పడిగాపులు. అప్పుడే బెంగళూరు జలమండలి హోటళ్లు, ఆఫీసులకు ఈ ఏరేటర్‌ను తప్పనిసరి చేసింది.
కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి, అదీ ఎత్తుకి పంపు చేస్తేగానీ రావు. కుళాయి దగ్గర నీళ్లు మిగిలితే కరెంటూ మిగిలినట్టే, ఆ మేరకు కార్బన్ ఉద్గారాలూ తగ్గినట్టే.

మెస్ పక్కనే ఉన్న ఇన్ఫోసిస్ 2020లోనే కార్బన్ న్యూట్రల్ అయ్యామని ప్రకటించింది. గొప్పే.
కానీ (పెద్ద కంపెనీల అభిమానులు తిట్టుకోకండి) నా ఓటు ఈ చిన్న జాలీ పెట్టిన మెస్ ఓనరుకే.

మీ ఆఫీసు క్యాంటీన్ కుళాయికి ఏరేటర్ ఉందా? రేపు చూసి చెప్పండి.