సోబా తాతగారి కొట్టు

పిల్లలూ! జపాను దేశం పేరు వినగానే మీకు ఫ్యూజీ పర్వతమూ, వేగంగా పోయే రైళ్ళూ జ్ఞాపకం వస్తాయి. నేను మాత్రం మీకు అక్కడి ఒక చిన్న కొట్టు సంగతి చెబుతాను.

టోక్యో నగరానికి తూర్పు దిక్కున ఎదొగావా అనే ప్రాంతం ఉన్నది. అందులో నిషికసాయ్ ఒక పేట. అక్కడికి రైలు స్టేషను 1979లో వచ్చింది. 2000 సంవత్సరం రాబోయే ముందు, తేదీ మారితే కంప్యూటర్లు తికమకపడతాయని లోకమంతా భయపడింది. ఆ పని చక్కబెట్టడానికి మన దేశంనుంచి ఇంజనీర్లు జపాను వెళ్ళారు. నగరం నడిబొడ్డున ఉన్న ఆఫీసులకు నిషికసాయ్ నుంచి ఒకే రైలులో పోవచ్చు. అందుచేత చాలామంది అక్కడే కాపురాలు పెట్టారు. మా అబ్బాయి కూడా కొన్నేళ్ళ క్రితం అక్కడికే చేరాడు.

2023 అక్టోబరులో నేనూ, మా ఇంటావిడా వాడి దగ్గరకు వెళ్ళాం. ఇంటి సందు మలుపులోనే ఉన్నది ఆ కొట్టు. లోపల ఆరు బల్లలు. గుమ్మానికి నీలిరంగు గుడ్డతెర. దానిని నోరెన్ అంటారు. తెర కట్టి ఉంటే కొట్టు తెరిచినట్టు. లోపలికి తీసేస్తే మూసినట్టు. కొట్టు యజమానికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మా మనుమడు ఆయనను "ఒజీసాన్" అని పిలిచేవాడు. అంటే తాతగారూ అని. వాడు అక్కడి బడిలోనే చదువుతున్నాడు గనక ఆ భాష వాడికి బాగా వచ్చు. మా మాటలన్నీ వాడే అటూ ఇటూ చేరవేసేవాడు.

ఆ కొట్టులో దొరికేది సోబా. చూడడానికి పొడుగాటి సేమ్యాలా ఉంటుంది. ఉత్తరాదివాళ్ళు ఉపవాసాలనాడు తినే కుట్టు పిండి మీరు విన్నారా? సోబా ఆ జాతి గింజల పిండితోనే చేస్తారు. ఆ గింజ మూడు పలకలుగా ఉంటుంది. అది వరిలాగా, గోధుమలాగా గడ్డిజాతి మొక్కది కాదు. గోధుమపిండికి ఉండే జిగురు దానికి లేదు. అందుకని ఎనిమిది పాళ్ళ సోబా పిండికి రెండు పాళ్ళ గోధుమపిండి కలపడం ఒక పద్ధతి. తాతగారు రోజూ తెల్లవారకముందే లేచి పిండి పిసికి, పలచగా వత్తి, మడతలు వేసి, వెడల్పాటి కత్తితో సన్నగా కోసేవాడు. మరిగే నీళ్ళలో కాసేపు ఉడికించి, చన్నీళ్ళలో కడిగి, వెదురు పళ్ళెంలో పెట్టేవాడు. దానిని పులుసులో ముంచి, చప్పుడు చేస్తూ జుర్రుకోవాలి. అక్కడ అలా తినడం తప్పు కాదు. చివరకు ఉడికించిన నీళ్ళను కూడా పారబోయరు. మిగిలిన పులుసులో పోసుకుని తాగుతారు. "ఇది మన గంజే కదండీ!" అన్నది మా ఇంటావిడ.

మొదటిరోజున ఒక చిక్కు వచ్చింది. ఆ పులుసులో ఎండుచేప తురుము వేస్తారు. మేము శాకాహారులం. ఆ మాట విని తాతగారు, "రేపు రండి," అన్నాడు. మర్నాడు కొంబు అనే సముద్రపు నాచునూ, ఎండు పుట్టగొడుగులనూ రాత్రంతా నానబెట్టిన నీళ్ళతో మాకు వేరే పులుసు చేశాడు. ఆ కొంబులోనే ఒక శాస్త్రం ఉన్నది. 1908లో ఇకెదా కికునాయె అనే జపాను శాస్త్రజ్ఞుడు దానినుంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని తీసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక అది ఐదో రుచి. పండిన టమాటాలో కూడా అది ఉన్నది. టమాటా పప్పు మీకు అంత ఇష్టం కావడానికి అదీ ఒక కారణమే.

డిసెంబరు మొదటివారంలో కొట్టు తలుపుమీద ఒక కాగితం కనిపించింది. మనుమడు చదివి మొహం వేలాడవేశాడు. "నెలాఖరుతో కొట్టు మూసేస్తున్నాను. ఇన్నేళ్ళు వచ్చినందుకు కృతజ్ఞతలు," అని ఉన్నదట. తాతగారికి చేతుల కీళ్ళ నొప్పులు. కొడుకు వేరే ఊళ్ళో ఉద్యోగస్తుడు. పని నేర్చుకునేవాళ్ళు రాలేదు. జపానులో నూటికి ఇరవై తొమ్మిదిమంది అరవై అయిదేళ్ళు పైబడినవాళ్ళే. వారసులు లేక ఇలాంటి కొట్లు ఎన్నో మూతపడుతున్నాయి.

సంవత్సరం చివరిరాత్రి సోబా తినడం అక్కడి ఆచారం. పొడుగాటి సోబా దీర్ఘాయువుకు గుర్తు. సులువుగా తెగుతుంది గనక పాతయేటి కష్టాలు కూడా తెగిపోతాయని చెబుతారు. డిసెంబరు 31న కొట్టు ముందు సందు చివరిదాకా మనుషులు బారులు తీరారు. అందరూ వెళ్ళాక తాతగారు నోరెన్ దించి, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకున్నాడు. నేను బడి తాళంచెవులు అప్పగించిన రోజు నాకు జ్ఞాపకం వచ్చింది. ఆయన వంగి నమస్కరించాడు. నేనూ వంగాను. ఇద్దరికీ మాట రాలేదు.

2024 జూనులో మళ్ళీ వెళ్ళాం. ఆ చోట మన దక్షిణాదివాళ్ళు ఇడ్లీ దోసెల హోటలు పెట్టబోతున్నారు! మా ఇంట్లో అందరికీ సంతోషమే. కాని మనుమడు, "తాతయ్యా, మనవాళ్ళు వచ్చినందుకే ఒజీసాన్ కొట్టు పోయిందా?" అని అడిగాడు.

"లేదురా. వాళ్ళు వచ్చింది ఖాళీ అయిన కొట్టులోకే," అన్నాను. అయినా నాకు మనసులో ఏదో ముల్లులా ఉన్నది. ఎదురింటి ముసలమ్మ ఆ కొత్త బోర్డు కేసి చూస్తూ ఊరికే నిలబడడం నేను రెండుసార్లు చూశాను.

వాడు ఊరుకోలేదు. కొత్తగా చేరినవాళ్ళు ఇరుగుపొరుగులకు సోబా పంచడం అక్కడి పాత ఆచారం. సోబా అనే మాటకు "దగ్గర" అనే అర్థం కూడా ఉన్నది. మీ దగ్గరకు వచ్చాం, మమ్మల్ని చూసుకోండి అని చెప్పడమన్నమాట. మనుమడు వెళ్ళి ఈ సంగతి హోటలు యజమానికి చెప్పాడు. ఆయన మంచివాడు. హోటలు తెరిచిన రోజున సందులో ఇంటింటికీ దోసెలు పంపించాడు.

వారం తిరక్కుండా సోబా తాతగారే వచ్చి కూర్చున్నాడు. ఆయన చూపు ముందుగా పిండి పిసికే బల్ల ఉండిన మూలకే పోయింది. అక్కడిప్పుడు రుబ్బే యంత్రం ఉన్నది. దోసె తిని, మిగిలిన సాంబారును గిన్నె ఎత్తి తాగాడు. "ఈ పిండి ఎలా పొంగుతుంది?" అని అడిగాడు. మినప్పప్పు, బియ్యం నానబెట్టి రుబ్బి ఉంచితే కంటికి కనిపించని సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి గాలి పుట్టిస్తాయని చెప్పాను. ఆయన తల ఊపి, "నా కొట్టు లేదు. కాని పొయ్యి ఆరలేదు," అన్నాడు. నవ్వాడు గాని, కళ్ళు చెమర్చాయి.

ఆ సాయంత్రం మనుమడు ఒక నోటుపుస్తకం తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాడు. పిండి పాళ్ళు, నీళ్ళ కొలత, కొంబు నానబెట్టే పద్ధతి అన్నీ అడిగి రాసుకుని వచ్చాడు.

పిల్లలూ! మీ వీధిలో కూడా ఏ జిలేబీల తాతో, అట్ల అవ్వో ఉండే ఉంటారు. వాళ్ళ పొయ్యి వెలుగుతూ ఉండగానే ఒక పుస్తకం, పెన్సిలు తీసుకుని వెళ్ళండి. అడిగితే వాళ్ళు తప్పక చెబుతారు.