సంగమేశ్వరపు దారిలో

2024వ సంవత్సరపు వేసవిలో శ్రీశైల జలాశయపు నీరు తగ్గి, మునిగియున్న సంగమేశ్వరాలయము మరల బయలుపడినదని విని, మేము కర్నూలునుండి నందికొట్కూరు మీదుగా బయలుదేరితిమి. బీటలు వాఱిన నల్లరేగడి చేలు, తుమ్మచెట్ల క్రింద గొఱ్ఱెలు. కన్నులకు చల్లనిదేదియు లేదు. కొత్తపల్లి మండలము చేరినపిమ్మట నల్లమల కొండలు కానవచ్చెను. ఏటా నెలలతరబడి నీటనుండు ఆ గుడిలోని వేపకొయ్య లింగమును దర్శించి, తిరుగుదారిలో పెద్ద గుమ్మడాపురమున ఆగితిమి. దైవదర్శనముకంటె ఈ యూరే మా మనస్సును లాగినదన్న మాట దాచనేల?

2023 మార్చి నెల మొదటి వారమున ఇచటివారికి నాలుగు పులిపిల్లలు దొరకెను; నాలుగును ఆడవి. కుక్కలు పైబడునని గ్రామస్థులు వానినొక గదిలో నుంచి అటవీశాఖవారికి కబురంపిరి. వారు తల్లికొఱకు అడవిలో కెమెరాలు కట్టి, అడుగుజాడలు వెదకి, రాత్రివేళ పిల్లలను అడవికి కొనిపోయి కాచిరి. తల్లి రాలేదు. ఆ నెలలోనే వానిని తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు చేర్చిరి.

టీ అంగడి ముసలమ్మ మాతో, "ఎంత ముద్దుగుండె తల్లీ! ఎత్తుకోవాలనిపిచ్చె. ముట్టుకోవద్దనిరి" అనెను.

ఆ మాటతో మాకు 2020 ఏప్రిలు జ్ఞాపకము వచ్చెను. కోవిడ్ మహమ్మారి కర్నూలును పట్టి పీడించుచుండెను. మా వీధి చివర కఱ్ఱలు కట్టిరి. ఆ రోజులలో మా పెరటి చింతచెట్టునుండి గుడ్లగూబ పిల్ల యొకటి పడినది. "ఈ కాలములో ఆ పిట్టను ఇంట పెట్టకే" అని అత్తగారు వారించిరి. మేము వినక, బుట్టలో గుడ్డ పఱచి, పాలలో మెత్తగా మెదిపిన అన్నము నోటికందించితిమి. మూడవనాటి ఉదయమున బుట్టలో కదలిక లేదు. అత్తగారొక్క మాటయు అనలేదు. తామే గొయ్యి తీయించిరి. పక్షులకు పాలు జీర్ణము కావనియు, గుడ్లగూబకు మాంసమే ఆహారమనియు, ఈకలు వచ్చిన పిల్లనైతే కొమ్మపైకి చేర్చిన తల్లిదండ్రులే మేపుకొనుననియు మా యింటివారి పాఠశాలలోని సైన్సు ఉపాధ్యాయుడు తరువాత చెప్పెను. భాగవతమంతయు చదివితిమి గాని, పిట్ట యేమి తినునో యెఱుగము!

వందల జంతువులను సాకువారికి ఆనాడెంత చిక్కో అపుడు తెలిసినది. జనులకు ద్వారములు మూసినను మేత మానరాదు గదా! పైగా సాకువాని ఊపిరియే గండమయ్యెను. 2020 ఏప్రిలులో న్యూయార్కునందొక పులికిని, 2021 మే నెలలో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఎనిమిది సింహములకును ఆ వ్యాధి సోకినట్లు తేలెను. సింహములు కోలుకొన్నవి. మూతికి గుడ్డ కట్టి, దూరమునుండి ఆహారమిడుటయే ప్రేమయైన కాలమది.

తల్లిలేని పులిపిల్లల విషయమున వ్యాధి లేకున్నను ఆ దూరము తప్పదు. మనిషిని చూడగనే మాంసము జ్ఞప్తికి వచ్చునట్లు పెరిగిన పులి, అడవికి విడిచినను ఊరివైపే నడచును. ముద్దాడక పెంచుట యెట్టిదో బిడ్డలతల్లులు ఊహింపగలరు.

బస్సు వచ్చుచుండగా ముసలమ్మనడిగితిమి: "తల్లిపులి తిరిగి వచ్చునని భయము లేదా?"

"యాలుండదమ్మా? పిల్లలు పోయినప్పటికాన్నుంచి మా దూడను రాత్రిపూట ఇంట్లోనే కట్టుకుంటాండాం" అని, గ్లాసులు కడుగుటకు లోనికి వెళ్ళెను.