మలుపు చెప్పు మీట

మోటారుకారు మలుపు తిరుగునపుడు ప్రక్కను మిణుకుమిణుకుమని వెలుగు పసుపుదీపమును మీరందఱును చూచియే యుందురు. దానిని వెలిగించు మీట నేటి కార్లలో స్టీరింగు చక్రము క్రిందనే చిన్న కొమ్మవలె నుండును. మలుపు తిరిగి చక్రమును సరిచేయగానే ఆ కొమ్మ తనంతట తానే యథాస్థానమునకు వచ్చును, దీపము ఆరిపోవును. ఇది యెంతటి యుపకారమో, అది లేని కారులో కూర్చుండినగాని తెలియదు. నాకు గడచిన వేసవి సెలవులలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున మా చెల్లెలి యింటికి పోయినప్పుడు తెలిసినది.

మా చెల్లెలు ఆ దేశమున హాట్ రాడ్ అనబడు కారు నొకదానిని కొన్నది. ఈ పేరు మనలో పెక్కుమందికి క్రొత్త. 1930 ప్రాంతములం దచ్చటి యువకులు చవుకగా దొరకు పాత ఫోర్డు కార్లను కొని, వానికి రెక్కలు, కప్పు మున్నగు బరువు లూడదీసి, ఇంజనును తమ కౌశలమున బలపఱచి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ అను ఎండిపోయిన సరస్సుల నేలపై పందెములు పఱుగెత్తించెడివారు. 1937లో వారికొక సంఘమే యేర్పడినది. 1948లో వారి విద్యకై హాట్ రాడ్ అను మాసపత్రికయు వెలువడ నారంభించినది. వారు మిక్కిలి మక్కువపడునది 1932 నాటి ఫోర్డు. ఎనిమిది సిలిండరుల ఇంజనును సామాన్యులు కొనగల వెలకు తొలుత తెచ్చిన దదియే. మా చెల్లెలి కారు ఆ రూపమున క్రొత్తగా పోతపోసినది; దాని శరీరము ఇనుము గాదు, ఫైబర్ గ్లాసు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

1932లో ఆ కారునకు మలుపుదీపములు లేవు. నడపువాడు కిటికీలోనుండి చేయి చాచి సంజ్ఞ చేయవలసినదే. అచ్చట చోదకుడు ఎడమవైపున కూర్చుండును గనుక, ఎడమకు తిరుగుటకు చేయి సూటిగా చాచును. కుడికి తిరుగుటకు చేయి ఆ ప్రక్కకు చాలదు గనుక మోచేతిని మడచి పైకెత్తును. ఆగుటకు క్రిందికి దించును. మలుపునకు నూఱడుగుల ముందునుండియు సంజ్ఞ సాగవలెనని కాలిఫోర్నియా చట్టము. ఈ సందర్భమున మన స్త్రీలు తెలిసికొనదగిన దొకటి గలదు. మూకీచిత్రముల కాలమున ప్రఖ్యాత నటి యైన ఫ్లోరెన్సు లారెన్సు స్వయముగా కారు నడపుచు, 1914 ప్రాంతమున మలుపును దెలుపు చేయివంటి యొక సాధనమును కల్పించినది. దానికి పేటెంటు తీసికొనలేదు. లాభ మామెకు దక్కలేదు. మిణుకు దీపములను బ్యూయిక్ కంపెనీ 1939లో తన కార్లకు పెట్టినది. శంబరాసుర యుద్ధమున మూర్ఛిల్లిన దశరథుని రణరంగమునుండి తప్పించిన కైకేయిని మనము వరములకై తలచుకొందుము గాని, ఆమె నేర్పునకై తలచుకొనము. ఫ్లోరెన్సు గతియు నట్టిదే యనిపించినది.

ఇక మా చెల్లెలి కారు. దానిని అమ్మినవాడు స్టీరింగు కంబమునకు కొమ్మ పెట్టిన అందము చెడునని కాబోలు, డాష్ బోర్డు క్రింద చీకటిలో నొక టోగుల్ స్విచ్చిని బిగించియుండెను. టోగుల్ స్విచ్చి యనగా పొట్టి పుల్లవంటి పిడిగల మీట. ఎడమకు వంచిన ఎడమదీపములు, కుడికి వంచిన కుడిదీపములు, నడుమ నిలిపిన ఏవియు లేవు. చూచుటకు ముచ్చటయే. కాని ఆ పుల్లకు చక్రముతో సంబంధమేమియు లేదు. మలుపు ముగిసినదని దానికెవరు చెప్పుదురు? చేతితో మరల నడుమకు తేనిచో అది వంగియే యుండును.

ఒకనాటి సాయంకాలము మే మిరువురమును ఆ కారులో కూరగాయలకై పోవుచుంటిమి. కుడిమలుపు తిరిగి కొంతదూరము పోయితిమి. దీపము మిణుకుచునే యున్నది; ఇంజను రొదలో ఫ్లాషరు చప్పుడు వినబడదు; ఎదుట గుర్తుదీపము లేదు. ముందొక కూడలి. కుడివైపు వీధినుండి సైకిలుపై పదునాలుగేండ్ల బాలుడొకడు వచ్చి నిలిచి, మా దీపమును జూచి, మేమా వీధిలోనికే తిరుగుదుమని నమ్మి, నిర్భయముగా రోడ్డుమీదికి వచ్చెను. మేము సూటిగా పోవుచున్నాము. చెల్లెలు బ్రేకు త్రొక్కిన త్రొక్కునకు నా ఒడిలోని సంచి క్రిందపడి టమాటాలన్నియు దొర్లినవి. ఆ బాలుని చక్రమునకును మా బంపరునకును నడుమ రెండుమూరలు మాత్రమే మిగిలెను. వాడు మమ్ము నొక్క చూపు చూచి వెడలిపోయెను. ఆ చూపులో కోపముకంటె ఆశ్చర్యమే యెక్కువగా నుండెను. సంజ్ఞ లేకున్న వాడు జాగరూకుడై యుండెడివాడు గదా! మౌనముగా పోవు కారును ఎవరును నమ్మరు. అబద్ధము చెప్పు కారును అందఱును నమ్ముదురు. ఆ రాత్రి చెల్లెలు అన్నము సరిగా తినలేదు.

మఱునాడే ఆమె పాత తీగలన్నియు పెఱికివేసెను. నేను మా తాతగారియొద్ద అమరమును, రఘువంశమును, వసుచరిత్రమును చదివినదాననే గాని విద్యుచ్ఛాస్త్రము చదువలేదు. అయినను దీపము పట్టుకొని ప్రక్కన కూర్చుండి, అన్వయము చెప్పించుకొన్నట్లు ఒక్కొక్క తీగయు నెందులకని అడుగుచుంటిని. బాటరీనుండి తాళపుచెవి ద్వారమున ఫ్యూజునకును, ఫ్యూజునుండి ఫ్లాషరునకును, ఫ్లాషరునుండి స్విచ్చి వెనుకనున్న మూడుకాళ్లలో నడిమిదానికిని విద్యుత్తు వచ్చును. ప్రక్కకాళ్లు రెండును ఎడమ, కుడి దీపములకు పోవును. ఇచ్చట నొక చమత్కారమున్నది: పిడిని ఎడమకు వంచినపుడు లోపల కలియునది కుడికాలు! తూగుడుబల్ల ఒకవైపు క్రుంగిన రెండవవైపు లేచునట్లు. ఇది యెఱుగక తీగలు కలిపినవారికి ఎడమ యన్న కుడి వెలుగును.

ఫ్లాషరు సంగతియు వినదగినదే. పాతరకపు ఫ్లాషరులో రెండులోహములు కలిపి చేసిన యొక రేకు గలదు. దీపములకు పోవు విద్యుత్తుతో అది వేడెక్కి వంగి త్రోవను తెగగొట్టును; చల్లారి మరల కలుపును. ఆ కలియుట, తెగుటలే మిణుకుమిణుకులు. పాతరకపు బల్బులు రెండు వెలిగినచో ఇంచుమించు 4 ఆంపియర్లు లాగును గనుక రేకు చక్కగా వేడెక్కును. మా చెల్లెలు నాలుగువైపులను ఎల్.ఇ.డి. దీపములు పెట్టినది. అవి త్రాగునది మిక్కిలి స్వల్పము. రేకు వేడెక్కదు, దీపము మిణుకక నిలుకడగా వెలుగును. అందుచే ఎలక్ట్రానిక్ ఫ్లాషరు తెప్పింపవలసి వచ్చెను.

వెనుకదీపములను గూర్చి అక్కచెల్లెండ్ర మిరువురమును చాలసేపు వాదించుకొంటిమి. అమెరికా కార్లలో తఱచుగా ఒకే యెఱ్ఱదీపము బ్రేకునకును మలుపునకును పనిచేయును. అట్టిచోట ఈ మూడుకాళ్ల స్విచ్చి చాలదు; బ్రేకువిద్యుత్తును తిరుగువైపున ఆపి, రెండవవైపున ఉంచు మార్గము వేఱుగా కల్పింపవలెను. ఎఱ్ఱదీపముల క్రింద వేఱుగా చిన్న పసుపుదీపములు పెట్టుట తేలిక. “పాతరూపు చెడునే అక్కా” అని ఆమె సంకోచించెను. ఆ సైకిలు బాలుని జ్ఞాపకము చేసితిని. పసుపుదీపములే పెట్టినది.

అన్నియు కలిపి పరీక్షించినపుడు ఎడమ వెనుకదీపము మినుగురుపురుగువలె గ్రుడ్డిగా వెలిగెను. మొదట చెప్పిన ఫైబర్ గ్లాసు ఇచ్చట పట్టుకొన్నది. ఇనుపకార్లలో దీపమునకు పోవు తీగ యొకటి చాలును. కారుశరీరమే తిరుగుదారియై బాటరీకి చేర్చును. ఫైబర్ గ్లాసులో విద్యుత్తు పాఱదు. కావున ప్రతిదీపమునకును క్రింది ఇనుపచట్రమువఱకు ఎర్తు తీగ వేయవలెను. చట్రముపై రంగు గోకి, లోహము మెఱయునట్లు చేసి బిగింపవలెను. ఆ యెడమతీగను రంగుమీదనే బిగించియుండెను. గోకి బిగింపగానే దీపము ప్రకాశించెను.

ఇక అసలు రోగమునకు మందు. గుర్తుదీప మొకటి చోదకుని కంటికెదుట నుండవలెను. ఎడమ, కుడి తీగల నడుమ నొక చిన్నబల్బును తగిలించుట పూర్వపు ఉపాయము. ఒకవైపు వెలిగినపుడు రెండవవైపు బల్బుల గుండ అది ఎర్తును చేరును. ఎల్.ఇ.డి.లతో ఈ యుపాయము పాఱలేదు; ఎడమకు వంచిన కుడిదీపములును మసకగా మినుకుచుండెను. అందులకామె ఒక్కొక్క తీగకు ఒక్కొక్క డయోడును పెట్టినది. డయోడు ద్వారపాలకునివంటిది, విద్యుత్తును పోనిచ్చును గాని వెనుకకు రానీయదు. ఆ రెండింటి కొసలను కలిపి గుర్తుదీపమును, దానితోపాటు ఒక బజరును కట్టినది. కొంతకాలమునకు తానే ఆగిపోవు యంత్రములును అంగడిలో దొరకునట. “ఎడమమలుపు కొఱకు ఎదురుబండ్లు పోవువఱకు ఒక్కొక్కప్పుడు రెండు నిముసములు కాచుకొనవలెను. నడుమ అది ఆరిపోయిన గతియేమి?” యని చెల్లెలు దానిని వలదన్నది. నాకును అదియే సమంజసముగా తోచినది. స్విచ్చిని మాత్రము చీకటినుండి తీసి చక్రమునకు ప్రక్కగా, చేతికందునట్లు అమర్చినది.

ఆ బజరు కర్ణకఠోరము. చెల్లెలు దాని నోటిపై గుడ్డపట్టీ యొకటి అతికించినది గాని పూర్తిగా మూయలేదు. ఆదివారమునాడు మా మరదిగారు కారులో కూర్చుండి నాలుగు మలుపులు తిరుగువఱకు ఓర్చుకొని, “వదినగారూ, దీనికంటె పూర్వులవలె చేయి చాచుటయే మేలు గాదా?” అనిరి. నేను బదులు చెప్పకమునుపే చెల్లెలు, “మీరు నడపునప్పుడు చాచుకొనుడు. నేను నడపునప్పుడు ఇది మ్రోగవలసినదే” అని స్విచ్చిని ఎడమకు వంచెను.